‘సెట్’ అనే మాటకు తెలుగులో ఏం రాయాలి? అన్నిచోట్లా ‘సెట్ చేయండి’ అంటే సరిపోతుందా?

పుటవెనక
అందరికీ నమస్కారం. ఒక యంత్రం వాడకం పుస్తకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నాను. ఒకే పేజీలో ‘సెట్’ ఎన్ని రకాలుగా వచ్చిందో చూడండి. టైమర్ సెట్ చేయాలి. జిగురు సెట్ అయ్యేదాకా కదపకూడదు. పెట్టెలో ఒక సెట్ బోల్టులు ఉంటాయి. కప్పీని సెట్ స్క్రూతో బిగించాలి. మూత తీసి సెట్ అసైడ్ చేయాలి. ఉష్ణోగ్రత సెట్ వాల్యూ దాటితే యంత్రం ఆగిపోతుంది. ఇంతకుముందు ఎవరో కంప్యూటర్ అనువాదంతో చేసిన ప్రతి నా దగ్గరుంది, అందులో అన్నిటికీ ‘సెట్ చేయండి’, ‘సెట్ అవుతుంది’ అనే ఉంది. చదివితే అర్థమయినట్టే ఉంటుంది గానీ, యంత్రం ముందు నిలబడి చదివే మనిషికి ఏం చేయాలో తెలియదు. ‘మూతను సెట్ చేయండి’ అంటే తియ్యాలా, బిగించాలా? చేతులు పెట్టే చోట ఇలాంటి అనుమానం ఉండకూడదు. ఈ మాటకు అసలు ఒక మూలార్థం అంటూ ఉందా? ఉంటే దాన్ని పట్టుకుని తెలుగు మాటలు వెతకొచ్చా?

చిన్నమాట
అలారం పెడతాం, టైమర్ పెడతాం. ‘పెట్టండి’ అని రాసేయండి, ఎవరికైనా అర్థమవుతుంది.

నిఘంటుప్రియ
పుటవెనక గారూ, మీరు పట్టుకున్నది మామూలు మాట కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో ముద్రణ 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికన్నా పొడవైన పదవివరణ ‘సెట్’ అనే క్రియదే. ఆ ఒక్క మాటను వివరించడానికి దాదాపు 60,000 మాటలు పట్టాయి. ఒంటరి క్రియగానే 430 అర్థాలు, ‘సెట్ అప్’, ‘సెట్ ఆఫ్’ లాంటి జంటలు కూడా కలుపుకుంటే 580 దాకా.

తర్వాత మూడో ముద్రణకు సవరణలు ‘ఎం’ అక్షరం నుంచి మొదలుపెట్టారు. దాంతో 2000లో ‘మేక్’, 2007లో ‘పుట్’, 2011లో ‘రన్’ ఒకదాని తర్వాత ఒకటి ముందుకొచ్చాయి. ‘రన్’ క్రియకు 645 అర్థాలు తేలాయి. పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాట మీదే నెలల తరబడి కూర్చున్నారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే ఇవన్నీ పొట్టి మాటలు, ఇంట్లో రోజూ వాడేవి. గంభీరమైన లాటిన్ మాటలకు ఇన్ని అర్థాలుండవు. అరిగేకొద్దీ అర్థాలు పెరుగుతాయి.

ఇనుపచెయ్యి
580 ఎవరు గుర్తుపెట్టుకుంటారు సార్? పని జరగడానికి ఎన్ని కావాలో చెప్పండి చాలు.

సున్నంసిమెంటు
జిగురు సెట్ అవడం గురించి నేను చెప్తాను, నా పని కాంక్రీటు పరీక్షలే. ఇక్కడ చాలామంది ‘ఆరిపోయేదాకా’ అని రాస్తారు. అది తప్పు, ప్రమాదం కూడా. సిమెంటు ఆరడం వల్ల గట్టిపడదు. నీటితో రసాయన చర్య జరిగి బిగుసుకుంటుంది. నీళ్లలో ముంచి ఉంచినా సెట్ అవుతుంది. అందుకే పోసిన తర్వాత తడుపుతూ ఉంటాం. ‘ఆరనివ్వండి’ అని రాస్తే చదివినవాడు నీళ్లు కొట్టడం మానేస్తాడు, ఎండలో వదిలేస్తాడు, పైన పగుళ్లు వస్తాయి.

సెట్ అయిందో లేదో ఎలా చూస్తామంటే, వికా అనే ఫ్రెంచి ఇంజినీరు పేరు మీద ఒక పరికరం ఉంది. నీళ్లతో కలిపిన సిమెంటు ముద్దను 40 మిల్లీమీటర్ల లోతున్న అచ్చులో నింపి, పై నుంచి సన్నటి సూదిని నెమ్మదిగా దించుతాం. మొదట్లో సూది అడుగుదాకా దిగిపోతుంది. కాసేపటికి అడుగుకు ఇంకా 5 మిల్లీమీటర్లు ఉందనగా ఆగిపోతుంది. అదీ తొలి సెట్టింగ్. ఆ తర్వాత సూదికి చుట్టూ చిన్న వలయం ఉన్న ముక్క తగిలిస్తాం. సూది మొన మాత్రం పైన గుర్తు వేసి, వలయం అచ్చు పడకపోతే అది తుది సెట్టింగ్. ఇదంతా అయినా బలం వచ్చినట్టు కాదు, బలం పుంజుకోవడం వేరే సంగతి, అది రోజులు, వారాలు నడుస్తుంది. కాబట్టి సెట్ అవడం, ఆరడం, బలం రావడం మూడూ వేర్వేరు. మీ జిగురు ఏ రకమో కనుక్కోండి. రెండు గొట్టాల్లో వచ్చి కలిపి వాడే ఎపాక్సీ అయితే అదీ రసాయన చర్యే, ‘బిగుసుకునే వరకు’ అని రాయండి. నీరు ఇగిరిపోయి పట్టుకునే తెల్ల జిగురైతే ‘ఆరే వరకు’ అన్నా తప్పులేదు.

పుటవెనక
ఎపాక్సీయేనండి. ‘బిగుసుకునే వరకు’ అని ఇప్పుడే మార్చాను. చాలా మేలు చేశారు.

వేరుమూలం
మూలార్థం ఉందా అని అడిగారు కదా. ఉంది, కానీ ఒకటి కాదు, రెండు.

క్రియ ‘సెట్’ పాత ఇంగ్లీషులో ‘సెట్టన్’. అది ‘సిట్’కు ప్రేరణార్థకం, అంటే కూర్చోబెట్టడం. మనకు ఆగు–ఆపు, తిరుగు–తిప్పు, జరుగు–జరుపు ఉన్నట్టే వాళ్లకూ కొన్ని జతలు మిగిలాయి: సిట్–సెట్, లై–లే, రైజ్–రెయిజ్, ఫాల్–ఫెల్. చెట్టును ‘ఫెల్’ చేయడమంటే పడగొట్టడం. కాబట్టి సెట్ అంటే ఒక వస్తువును దాని చోట కూర్చోబెట్టడం, అది అక్కడే ఉండేలా చూడటం. ఉంగరంలో రాయి సెట్ చేయడం, విరిగిన ఎముక సెట్ చేయడం, ముహూర్తం సెట్ చేయడం, పాత అచ్చుపనిలో సీసపు అక్షరాలు వరసలో సెట్ చేయడం, అన్నిటిలోనూ ఇదే ఉంది. సూర్యుడి విషయం కొంచెం వేరు. అక్కడ ఎవరూ కూర్చోబెట్టరు, సూర్యుడే దిగి కూర్చుంటాడు. పాత ఇంగ్లీషులో అస్తమయానికి ‘సెట్ల్‌గాంగ్’ అనేవారు, ఆసనానికి వెళ్లడం అని.

ఇక బోల్టుల సెట్, పాత్రల సెట్ అనే నామవాచకం వేరే దారిలో వచ్చింది. పాత ఫ్రెంచిలో ‘సెట్’ అంటే ఒక బృందం, దాని వెనక లాటిన్ ‘సెక్టా’, అంటే ఒకరిని అనుసరించేవాళ్లు. మతశాఖలకు వాడే ‘సెక్ట్’ కూడా అక్కడిదే. రూపం ఒకటే కావడంతో ఈ రెండూ కాలక్రమంలో కలిసిపోయాయి, ఇంగ్లీషువాళ్లకే ఏది ఏ వైపుదో తెలియనంతగా. సినిమా సెట్ మాత్రం నిలబెట్టినది కాబట్టి క్రియ వైపుదే.

ఇంకొకటి. ‘అసెట్’లో సెట్ లేనే లేదు. అది ‘చాలినంత’ అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది, అప్పులు తీర్చడానికి సరిపడా ఉన్న ఆస్తి అని. మొదట అది ఏకవచనమే, చివర ‘స్’ ఉండటంతో బహువచనం అనుకుని దాన్ని తీసేసి ‘అసెట్’ అని కొత్త ఏకవచనం పుట్టించారు.

చిన్నమాట
ఇన్నాళ్లూ అసెట్ అంటే ‘ఒక సెట్’ అనుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. వేరుమూలం గారూ, మరి ‘అప్‌సెట్’?

వేరుమూలం
అది సెట్టే. మొదట్లో ‘పైకి నిలబెట్టడం’ అనే అర్థమే ఉండేది. తర్వాత తలకిందులు చేయడం, ఆ తర్వాత మనసు కలత పెట్టడం వచ్చాయి. అర్థం పూర్తిగా ఎదురు తిరిగిన మాట.

తరగతిగది
నేను పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పుతాను. వేరుమూలం గారు చెప్పింది నిజమే గానీ మూలార్థం చెప్పి వదిలేస్తే నేర్చుకునేవాళ్లకు అంతగా ఉపయోగపడదు. మనకు ఇంకా దగ్గర దారి ఉంది, చిన్నమాట గారు మొదటే ఒక్క ముక్కలో అనేశారు: ‘పెట్టు’.

ఒకసారి వరసగా అనుకుని చూడండి. నిప్పు పెట్టడం, సెట్ ఫైర్. అడుగు పెట్టడం, సెట్ ఫుట్. ముహూర్తం పెట్టడం, సెట్ ఎ డేట్. షరతు పెట్టడం, లక్ష్యం పెట్టుకోవడం, గడువు పెట్టడం, రేటు పెట్టడం, కంపెనీ పెట్టడం, పక్కన పెట్టడం. చివరికి సెట్ ఫ్రీ కూడా విడిచిపెట్టడమే! ఇంగ్లీషువాడు సెట్ అన్న చోట సగానికి పైగా మన నోట ‘పెట్టు’ వస్తుంది. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఒక వస్తువును చోటులో ఉంచడం అనే చిన్న పని నుంచి రెండు భాషలూ సమయాన్నీ, నియమాన్నీ, సంస్థనూ ‘ఉంచడం’ దాకా నడిచాయి.

ఎవరూ పెట్టకుండా తనంతట తాను జరిగే చోట ‘పెట్టు’ ఆగిపోతుంది. అక్కడ ‘పడు’ గానీ ‘పట్టు’ గానీ అందుకుంటాయి. సిమెంటు గట్టిపడింది. ముసురు పట్టింది, ఇంగ్లీషులో అది ‘సెట్ ఇన్’. ఇంటిదారి పట్టాడు, అది ‘సెట్ ఆఫ్’. ‘పట్టు’ సంగతి చూస్తే మనం ఇంగ్లీషు మాటను చూసి ఆశ్చర్యపోవాల్సిన పనే లేదు. నిద్ర పడుతుంది, చెమట పడుతుంది, తుప్పు పడుతుంది, గంట పడుతుంది, సంచిలో పట్టదు, గొడుగు పడతాం, తేనెపట్టు, కుస్తీపట్టు, పట్టుబట్ట, పట్టుదల. తెలుగు నేర్చుకునే బయటివాళ్లు దీని ముందు ఎంత తికమక పడతారో! మనకు ఒక్కటీ కష్టం కాదు, ఎందుకంటే మనం ‘పట్టు’ను విడిగా ఎప్పుడూ నేర్చుకోలేదు. నిద్రతో కలిపి, తుప్పుతో కలిపి నేర్చుకున్నాం. సెట్ కూడా అలాగే నేర్పాలి, పక్కనున్న మాటతో కలిపి. విడిగా ‘సెట్ అంటే ఏమిటి’ అన్న ప్రశ్నకు నేను తరగతిలో జవాబు చెప్పను, ‘ఏ వాక్యంలో?’ అని తిరిగి అడుగుతాను.

ఇనుపచెయ్యి
ఈ పోస్టు దాచుకోవాలి అక్కా. ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

వకాల్తా
తరగతిగది గారితో ఒక్కచోట గట్టిగా విభేదిస్తున్నాను. ‘సెట్ అసైడ్’ అంటే పక్కన పెట్టడం అని అన్నిచోట్లా రాయకండి. పై కోర్టు కింది కోర్టు తీర్పును సెట్ అసైడ్ చేసిందంటే ఆ తీర్పు రద్దయింది, ఇక చెల్లదు. వార్తల్లో ‘తీర్పును పక్కన పెట్టింది’ అని వస్తుంది, చదివినవాళ్లు తర్వాత మళ్లీ తీసి చూస్తారేమో అనుకుంటారు. తాత్కాలికంగా ఆపడాన్ని ‘స్టే’ అంటారు, నిలుపుదల. దానికీ దీనికీ చాలా తేడా ఉంది. నిలుపుదల ఎత్తేస్తే తీర్పు మళ్లీ లేచి నిలబడుతుంది, రద్దయినది అలా తనంతట లేవదు. కేసులో ఉన్న మనిషికి ఈ తేడా మీద ఇల్లూ వాకిలీ ఆధారపడి ఉండొచ్చు.

విచిత్రం ఏమిటంటే అదే ‘సెట్ అసైడ్’ డబ్బు విషయంలో వస్తే పోకుండా దాచి ఉంచడం. ఒకచోట తీసిపారేయడం, ఒకచోట కాపాడుకోవడం. ‘సెట్ ఆఫ్’ కూడా అంతే. ప్రయాణంలో బయలుదేరడం, బాణసంచా దగ్గర పేల్చడం, లెక్కల్లో ఒకరికి రావలసినదాన్ని ఇవ్వవలసినదాంట్లో సర్దుబాటు చేయడం. పక్కనున్న మాటతో కలిపి నేర్చుకోవాలి అన్నారు కదా, ఇక్కడ పక్కనున్న మాట కూడా చాలదు, ఏ రంగంలో ఉన్నామో చూడాలి.

తరగతిగది
ఒప్పుకుంటున్నానండి, తీర్పు విషయంలో ‘రద్దు చేసింది’ అనే రాయాలి. ‘పక్కనున్న మాట’ అన్నప్పుడు నా మనసులో ఉన్నది ‘అసైడ్’ కాదు, తీర్పా, డబ్బా, మూతా అన్నది. దేన్ని సెట్ చేస్తున్నారో అదే అర్థం చెప్తుంది.

శూన్యసమితి
గణితం వైపు నుంచి ఒక మాట. మేం సెట్‌ను సమితి అంటాం. జార్జ్ కాంటర్ 1870లలో ఈ శాస్త్రానికి పునాది వేసినప్పుడు రాసింది జర్మన్‌లో, ఇంగ్లీషులో దానికి సెట్ అనే పేరు స్థిరపడింది. బోల్టుల సెట్‌కూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. పెట్టెలో ఒకే కొలత బోల్టులు ఆరుంటే అది ఆరు బోల్టుల సెట్. గణితంలో ఒకే అంకెను ఆరుసార్లు రాసినా సమితిలో ఉన్నది ఒక్కటే. వరసకు కూడా విలువ లేదు, ఏది ముందు రాసినా అదే సమితి. కంప్యూటర్ భాషల్లో ‘సెట్’ అనే డేటా రకం కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది, పేర్ల జాబితాలో రెండుసార్లు పడినవాటిని తీసేయాలంటే సెట్‌గా మారిస్తే చాలు. అదే కంప్యూటర్ భాషలో ‘సెట్ వాల్యూ’ అంటే మళ్లీ క్రియ, విలువను ఇవ్వడం. ఒకే ఫైల్లో రెండూ పక్కపక్కన ఉంటాయి, మేం తడబడం.

పుటవెనక గారూ, మీ ఉష్ణోగ్రత వాక్యంలో ‘సెట్ వాల్యూ’ను ‘నిర్ణయించిన ఉష్ణోగ్రత’ అనండి. ఇంకొక జాగ్రత్త: ‘సెట్’కు భూతకాలం కూడా సెట్టే. ‘వెన్ ద టైమర్ ఈజ్ సెట్’ అంటే టైమర్ పెట్టేటప్పుడు కాదు, పెట్టి ఉన్నప్పుడు. కంప్యూటర్ అనువాదాలు ఇక్కడే దెబ్బతింటాయి.

గీతదగ్గర
పరుగు పందెంలో కూడా ఉంది. 400 మీటర్ల దాకా ఉన్న పందేలకే ‘సెట్’ అని అరుస్తారు. ‘ఆన్ యువర్ మార్క్స్’ అనగానే వేళ్లు గీత వెనక ఆనించి మోకాలు నేలకు తాకిస్తాం. ‘సెట్’ అనగానే నడుము పైకి లేస్తుంది, బరువు చేతుల మీదకు వస్తుంది, ఆ భంగిమలో కదలకుండా బిగుసుకుని ఉండాలి. తుపాకీ మోతకు ముందు ఆ నిశ్చలమే సెట్. 800 మీటర్ల నుంచి ఆ మాట ఉండదు, నిలబడే మొదలుపెడతాం. వేరుమూలం గారు ‘చోట కూర్చోబెట్టి అక్కడే ఉండేలా చూడటం’ అన్నారు కదా, ఒళ్లంతటితో తెలిసేది ఇక్కడే.

కొత్తగొంతు
మరి మన తెలుగులో ‘సెట్ అయింది’ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ‘ఆ ఉద్యోగం నాకు సెట్ కాదు’, ‘వాళ్లిద్దరికీ సెట్ అయింది’, ‘ఈ చొక్కా నీకు సెట్ అయింది’. ఇవి ఇంగ్లీషులో అలాగే చెప్తే వాళ్లకు అర్థం కాదు. ‘సూట్’, ‘ఫిట్’, ‘వర్క్ అవుట్’ అని మూడు వేర్వేరు మాటలు వాడాలి. మన సెట్ మనదే అనిపిస్తుంది నాకు.

నిఘంటుప్రియ
చాలా మంచి గమనిక. మనం సెట్ అన్న చోట ‘కుదిరింది’ పెట్టి చూడండి. ఉద్యోగం నాకు కుదరదు, వాళ్లిద్దరికీ కుదిరింది, చొక్కా కుదిరింది. మూడూ సరిపోతాయి. అంటే ‘కుదురు’ అనే మన క్రియ తన అర్థాలన్నిటినీ తీసుకెళ్లి సెట్‌కు ఇచ్చేసింది. అరువు మాట వచ్చిందే గానీ లోపల నడిచేది తెలుగే. నాకు ఇందులో బాధేమీ లేదు, అయితే ‘కుదిరింది’ అనే చక్కటి మాట నోట్లోంచి జారిపోతుందేమోనని మాత్రం బెంగగా ఉంది. కుదురు, కుదుర్చు, కుదురుగా, కుదుట పడటం, ఈ కుటుంబమంతా పోతుంది.

ఒళ్లుబాగు
కుదుర్చడం అన్నారు కాబట్టి చెప్తున్నాను. ఎముక సెట్ చేయడాన్ని ‘అతికించడం’ అని రాస్తుంటారు. వైద్యుడు ఎముకను అతికించరు. జరిగిన ముక్కలను తిరిగి వాటి చోట కుదిర్చి, కదలకుండా కట్టు వేస్తారు. అతుక్కోవడం శరీరం తర్వాత తనే చేసుకునే పని. ‘కుదిర్చి కట్టు వేశారు’ అంటే రెండూ విడివిడిగా తెలుస్తాయి, కట్టు వేసిన మర్నాడే ‘అతికించేశారుగా’ అని బరువు మోపే ప్రమాదమూ తప్పుతుంది.

పుటవెనక
ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. పేజీ ఇప్పుడు ఇలా మారింది: టైమర్ పెట్టండి. జిగురు బిగుసుకునే వరకు కదపవద్దు. ఒక జత బోల్టులు అని రాయబోయాను, జత అంటే రెండే అనుకుంటారని ‘ఆరు బోల్టుల సెట్’ అనే ఉంచాను. మూత తీసి పక్కన పెట్టండి. ఉష్ణోగ్రత మీరు నిర్ణయించిన స్థాయి దాటితే యంత్రం ఆగిపోతుంది. మిగిలింది సెట్ స్క్రూ ఒక్కటే. ‘స్థిరపరిచే మర’ అని ఒక పదకోశంలో చూశాను, చేతికి ఏం తీసుకోవాలో తెలిసేలా లేదు.

ఇనుపచెయ్యి
అది నాకు వదిలేయండి. సెట్ స్క్రూ అంటే చాలావాటికి తల ఉండదు, నట్టూ ఉండదు. కప్పీ పక్క బెజ్జంలోంచి లోపలికి తిప్పితే మొన వెళ్లి ఇరుసును నొక్కి పడుతుంది, దాంతో కప్పీ, ఇరుసు కలిసి తిరుగుతాయి. వర్క్‌షాపులో తల లేనిదాన్ని గ్రబ్ స్క్రూ అంటాం. ‘స్థిరపరిచే మర’ అని అడిగితే ఎవరూ తెచ్చివ్వరు. మొదటిసారి ‘కప్పీని ఇరుసుకు బిగించే, తల లేని సెట్ స్క్రూ’ అని రాసి పక్కన బొమ్మ వేయండి, తర్వాత అంతటా సెట్ స్క్రూ అనే ఉంచండి. ఇంకా ముఖ్యం, ఇరుసుకు ఒక పక్క చదునుగా గీకి ఉంటే స్క్రూ మొన సరిగ్గా ఆ చదును మీదే ఆనాలి అని తప్పకుండా రాయండి. గుండ్రటి వైపు ఆనితే ఎంత బిగించినా నాలుగు తిరుగుళ్లకు జారిపోతుంది.

పుటవెనక
ఆ చదును సంగతి ఇంగ్లీషు పుస్తకంలో లేనే లేదు. బొమ్మలో మాత్రం ఇరుసు మీద ఒక గీత కనిపిస్తోంది, అదేమిటో ఇప్పుడు తెలిసింది. ఆ పేజీ తయారుచేసిన వాళ్లను అడిగి ఖాయం చేసుకుని ఆ వాక్యం చేరుస్తాను.